స్లైసర్ నుంచి ప్యాకెట్ దాకా లిస్టీరియా లెక్క

ఉడికించి, ముక్కలు కోసి, ప్యాక్ చేసే మాంసంలో లిస్టీరియా మోనోసైటోజీన్స్ అనే రోగకారక బాక్టీరియా ఎంత చేరుతుందో లెక్కించే మోడల్ కడుతున్నారా? సగటుతో మొదలుపెట్టకండి. ఉడికాక అంటుకునే బాక్టీరియా అన్ని ప్యాకెట్లకూ సమంగా పంచుకోదు. వెయ్యిలో ఒక ప్యాకెట్‌కి పట్టుకుంటుంది, మిగతావి శుభ్రంగా ఉంటాయి. అందుకే ప్యాకెట్‌కి ప్యాకెట్ విడిగా లెక్కించాలి.

ఉడికించే దశ తేలిక. మాంసం నడిమధ్య ఉష్ణోగ్రతను నిమిషానికోసారి నమోదు చేయండి. దానిలోంచి 70 తీసేసి, 7.5తో భాగించి, వచ్చినదాన్ని 10కి ఘాతంగా వేయండి. ఈ విలువల మొత్తం 2 దాటితే లిస్టీరియా పది లక్షల వంతుకు తగ్గినట్టే. 65 డిగ్రీల వద్ద ఒక నిమిషం విలువ 0.215 మాత్రమే, కాబట్టి 9.3 నిమిషాలు కావాలి. ఓవెన్ లోపలి గాలి ఉష్ణోగ్రతతో ఈ లెక్క వేస్తే ఉడకని మాంసం కూడా ఉడికినట్టే కనిపిస్తుంది. చల్లార్చేటప్పుడు మొలకెత్తే క్లాస్ట్రిడియం (మరో రకం బాక్టీరియా) బీజాలకు ఈ సూత్రం పనికిరాదు, వాటికి వేరే మోడల్ కావాలి.

అసలు పని స్లైసర్ (మాంసాన్ని ముక్కలు కోసే యంత్రం) దగ్గర. బ్లేడు మీద 1000 బాక్టీరియా ఉన్నాయనీ, ప్రతి ముక్కకూ అప్పటికి మిగిలినవాటిలో 2 శాతం అంటుతుందనీ అనుకుందాం. మొదటి ముక్కకు 20, వందో ముక్కకు 2.7, 200వ ముక్కకు 0.36. బాక్టీరియాలో 0.36 అంటూ ఉండదు: ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. కాబట్టి గుణకారం మానేసి, ద్విపద విభాజనం (ఒక్కో బాక్టీరియా 2 శాతం అవకాశంతో అంటుతుందా లేదా అన్న లెక్క) నుంచి యాదృచ్ఛికంగా పూర్ణసంఖ్య తీయండి. ఆ 2 శాతాన్ని మీ యంత్రం మీద, మీ మాంసంతో, హాని చేయని లిస్టీరియా ఇనోక్యువాతో ప్రయోగశాలలో కొలవాలి. చివరి ముక్కల్లో కొలతలు మోడల్ కన్నా ఎక్కువ వస్తుంటే, బ్లేడు కవచం వెనక పేరుకున్న కొవ్వును బాక్టీరియా దాగే రెండో చోటుగా మోడల్‌లో చేర్చండి. చాలా మోడళ్లు తప్పేది ఇక్కడే.

తర్వాత నిల్వ. పెరుగుదల వేగం వర్గమూలం ఉష్ణోగ్రతతో సరళరేఖలో పెరుగుతుంది. కనిష్ఠ ఉష్ణోగ్రత (మోడల్‌లో పెరుగుదల వేగం సున్నా అయ్యే చోటు) మైనస్ 1.5 అనుకుంటే, 4 డిగ్రీల కన్నా 8 డిగ్రీల వద్ద వేగం దాదాపు 3 రెట్లు. 100 గ్రాముల ప్యాకెట్‌లో ఒకే ఒక్క కణం ఉందనుకోండి. గ్రాముకు 100 కణాలకు చేరాలంటే 13.3 సార్లు రెట్టింపవాలి. 4 డిగ్రీల వద్ద రెట్టింపుకు 36 గంటలు పడితే 20 రోజులు, 8 డిగ్రీల వద్ద వారం కూడా పట్టదు. లాక్టేట్, నైట్రైట్ లాంటి నిల్వ పదార్థాలు ఉంటే వేగం తగ్గుతుంది, కానీ ఎంతో మీ వంటకంలోనే పరీక్షించి చూడాలి.

చివరికి అనుకరణ, అంటే ఈ దశలన్నిటినీ కంప్యూటర్‌లో ఒక్కో ప్యాకెట్‌కీ నడిపి చూడటం. వెయ్యిలో ఒక ప్యాకెట్‌కే అంటుతుంటే, 10,000 ప్యాకెట్లు నడిపితే పట్టుమని పది కేసులే దొరుకుతాయి. కనీసం 10 లక్షలు నడపండి. సగటు కాకుండా, గడువు రోజున గ్రాముకు 100 కణాలు దాటిన ప్యాకెట్ల శాతం చూడండి. ఫ్రిజ్ ఉష్ణోగ్రతను కూడా ఒకే అంకెగా కాక విభాజనంగా (ఏ ఉష్ణోగ్రత ఎంత తరచుగా ఉంటుందో చూపేలా) ఇవ్వండి.

స్లైసర్ మీద తుడిచి తీసిన 60 స్వాబ్ నమూనాలలో ఏదీ పాజిటివ్ కాలేదా? మోడల్‌లో సున్నా పెట్టకండి. 95 శాతం నమ్మకంతో, స్వాబ్ పాజిటివ్ అయ్యే అసలు రేటు దాదాపు 5 శాతం దాకా ఉండే వీలుంది. ఆ 5 శాతంతోనూ ఒకసారి నడిపి చూడండి.