మెత్తని జొన్న రొట్టె చేసే విధానం

జొన్న పిండికి గోధుమ పిండిలోని సాగే గుణం ఉండదు కాబట్టి, చన్నీళ్లతో కలిపిన ముద్ద తట్టేటప్పుడు అంచుల వెంట పగులుతుంది. అందుకే ఒక గ్లాసు నీటిలో చిటికెడు ఉప్పు వేసి బాగా మరగనిచ్చి, మంట ఆర్పి, అంతే కొలత పిండి పోసి గరిటెతో కలిపి, పది నిమిషాలు మూత పెట్టాలి. తరువాత చేతిని తడి చేసుకుంటూ, ముద్ద నునుపుగా మారేదాకా అరచేతితో ఒత్తి మర్దించాలి. ఇక్కడ తొందరపడితే రొట్టె మెత్తగా రాదు.

పొడి పిండి చల్లిన పీట మీద ముద్దను ఉంచి, ఒక చేత్తో అంచును కాస్తూ, మరో చేత్తో తిప్పుతూ తట్టాలి. బాగా కాలిన పెనం మీద పొడి పిండి అంటిన వైపు పైకి వచ్చేలా వేసి, వెంటనే తడి గుడ్డతో ఆ పిండిని తుడవాలి. ఆ తడి ఆరుతుండగానే తిరగేసి, రెండో వైపు మచ్చలు పడ్డాక గుడ్డతో మెల్లగా అదిమితే రొట్టె పొంగుతుంది. పట్టించి చాలా రోజులైన పిండితో మాత్రం అనుభవజ్ఞులకు కూడా రొట్టె విరుగుతుంది.