బ్రిటన్ నుంచి పారిస్‌కు: భారత పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లు ముందే చూసుకోవాల్సినవి

పారిస్ ట్రిప్ అనగానే చాలామంది ముందు టికెట్ల ధరలు చూస్తారు. అంతకన్నా ముందు చూడాల్సింది తిరిగొచ్చే దారి. స్టూడెంట్ వీసా నుంచి గ్రాడ్యుయేట్ వీసాకో, స్కిల్డ్ వర్కర్ వీసాకో బ్రిటన్‌లో ఉండే అప్లై చేసి, ఇంకా నిర్ణయం రాకముందే ఫ్రాన్స్ వెళ్లారంటే ఆ దరఖాస్తును మీరే వెనక్కి తీసుకున్నట్టు లెక్క. నాలుగు రోజుల సరదా కోసం ఏళ్ల చదువు, ఉద్యోగం చిక్కుల్లో పడతాయి. నిర్ణయం వచ్చేదాకా ఆగండి.

రెండోది పాస్‌పోర్టు. బ్రిటన్‌లో ఉండే అనుమతిని చూపే బీఆర్‌పీ కార్డుల గడువు 2024 డిసెంబర్ 31తో ముగిసింది, ఇప్పుడంతా ఆన్‌లైన్‌లో ఉండే ఈ-వీసానే. ఈ మధ్య పాస్‌పోర్టు రెన్యూ చేయించుకున్నవాళ్లు యూకేవీఐ (బ్రిటన్ వీసా విభాగం) అకౌంట్‌లో కొత్త నంబరు ఎక్కించకపోతే, తిరుగు ప్రయాణంలో టికెట్ కౌంటర్ వాళ్లకు మీ వీసా కనిపించకపోవచ్చు. బయల్దేరే ముందు ఒకసారి లాగిన్ అయి చూసుకోండి. ఫ్రాన్స్ వెళ్లడానికి కావాల్సింది షెంగెన్ వీసా, అంటే ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ లాంటి ఐరోపా దేశాల ఉమ్మడి వీసా. దానికి పాస్‌పోర్టు గత పదేళ్లలో ఇచ్చినదై ఉండాలి. మీరు షెంగెన్ దాటి వచ్చే తేదీ తర్వాత ఇంకా 3 నెలలు చెల్లాలి, 2 ఖాళీ పేజీలు ఉండాలి. బ్రిటన్ వీసాకు కూడా అలాగే 3 నెలల గడువు మిగిలి ఉండాలని సాధారణంగా అడుగుతారు.

పారిస్‌తో పాటు స్విట్జర్లాండ్ కూడా చూసేద్దాం అనుకునేవాళ్లు ఇక్కడ పొరపడుతుంటారు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి. పారిస్‌లో 3 రోజులు, స్విట్జర్లాండ్‌లో 4 రోజులు అయితే అది స్విస్ వీసా. రెండుచోట్లా సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానిది. ఐర్లండ్ షెంగెన్‌లో లేదు, ఈ వీసా అక్కడ పనిచేయదు.

ఫ్రాన్స్‌కైతే ఫ్రాన్స్-వీసాస్ వెబ్‌సైట్‌లో ఫారం నింపాలి. ఎఫ్‌ఆర్‌ఏతో మొదలయ్యే నంబరు వస్తుంది, దాంతో వీసా దరఖాస్తులు తీసుకునే టీఎల్‌ఎస్‌కాంటాక్ట్ సంస్థలో స్లాట్ తీసుకోవాలి. సెంటర్లు లండన్, మాంచెస్టర్, ఎడిన్‌బరాలో ఉన్నాయి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. ఆ 15 రోజుల మీద ఆశ పెట్టుకోవద్దు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు పడుతుంది, ఒక్కోసారి 45 రోజుల దాకా లాగుతారు. ఈస్టర్, వేసవి సెలవులకైతే స్లాట్ దొరకడమే కష్టం. పైగా పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండిపోతుంది కాబట్టి ఆ మధ్యలో ఇండియా ప్రయాణం పెట్టుకోవద్దు.

ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45, ఆరేళ్ల లోపు పిల్లలకు లేదు. సెంటర్ సర్వీస్ చార్జి వేరు. వీసా రాకపోయినా ఫీజు తిరిగి ఇవ్వరు. అందుకే హోటల్, టికెట్లు క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కి వచ్చేవే బుక్ చేయండి.

ఇక కాగితాలు. ఫొటో 35×45 మిల్లీమీటర్లు, 6 నెలల లోపు తీసింది. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ దేశాలన్నిటికీ, మొత్తం రోజులకూ వర్తించాలి. మనిషిని స్వదేశానికి చేర్చే ఖర్చూ అందులో ఉండాలి. ఉద్యోగులకు కంపెనీ లెటర్, పేస్లిప్‌లు; విద్యార్థులకు యూనివర్సిటీ లెటర్; అందరికీ 3 నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు. ఖర్చుల కోసం ఫ్రాన్స్ అడిగే లెక్క ఇది: హోటల్ ముందే బుక్ చేసుకుంటే మనిషికి రోజుకు 65 యూరోలు, చేసుకోకపోతే 120. భార్యాభర్తలు 5 రోజులకు హోటల్‌తో వెళ్తే 650 యూరోలు చూపించాలి. అప్లై చేసే ముందు వారంలో స్నేహితుడి దగ్గర తెచ్చి వేసిన పెద్ద మొత్తం మేలు చేయకపోగా అనుమానం పెంచుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది తేదీలు కలవకపోవడం: లీవ్ లెటర్‌లో ఒకటి, హోటల్‌లో ఒకటి, ఇన్సూరెన్స్‌లో ఇంకొకటి. హోటల్ బుకింగ్‌లో వెళ్లేవాళ్లందరి పేర్లూ ఉండాలి. ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో తేదీ సరిపోల్చండి.

వీసా స్టిక్కర్ చేతికి రాగానే అక్కడే చదవండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వీసా చెల్లుతుందో ఒకచోట, లోపల ఉండగలిగే రోజులు వేరేచోట ఉంటాయి. 20 రోజుల గడువులో 6 రోజులని ఉంటే 6 రోజులే. వెళ్లిన రోజు, వచ్చిన రోజు కూడా లెక్కలోకి వస్తాయి. శుక్రవారం రాత్రి 11 గంటలకు దిగినా అది ఒక రోజు. ఎంట్రీల దగ్గర 1 అని ఉంటే మధ్యలో లండన్ వచ్చి మళ్లీ వెళ్లలేరు. పారిస్ నుంచి స్విట్జర్లాండ్ వెళ్లడం మాత్రం కొత్త ఎంట్రీ కాదు.

రాత్రి బస్సులో వెళ్లేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఫ్రెంచ్ పోలీసుల తనిఖీ బ్రిటన్ వైపే, డోవర్ రేవులో జరుగుతుంది. యూరోస్టార్‌కైతే సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లోనే. పారిస్ చేరేది 11న కాబట్టి వీసా 11 నుంచి చాలనుకుంటే, బస్సు 10వ తేదీ రాత్రి డోవర్ చేరినప్పుడు అక్కడే ఆపేస్తారు. తిరిగొచ్చేటప్పుడు అర్ధరాత్రి దాటాక సరిహద్దుకు చేరితే ఒక రోజు ఎక్కువ ఉన్నట్టు రాసుకుంటారు. బస్సు ప్రయాణానికి వీసాలో అటూ ఇటూ ఒక్కో రోజు ఎక్కువ అడగడం మంచిది.

2025 అక్టోబర్ 12 నుంచి షెంగెన్ సరిహద్దుల్లో ఈఈఎస్ అనే కంప్యూటర్ నమోదు మొదలైంది, రాకపోకలన్నీ అందులో ఎక్కుతాయి. సరిహద్దులో ఫొటో తీస్తారు కాబట్టి టికెట్‌లో చెప్పిన సమయానికే చేరుకోండి. ఈటియాస్ అనే అనుమతి వీసా అక్కర్లేని దేశాలవాళ్ల కోసం, భారత పాస్‌పోర్టువాళ్లకు సంబంధించినది కాదు, దాని పేరుతో డబ్బులడిగే వెబ్‌సైట్లకు కట్టకండి. ఇంట్లో పిల్లలకు బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంటే వాళ్లకు వీసా అక్కర్లేదు, మీకు మాత్రం కావాలి.

సంచిలో నెయ్యి, పెరుగు, పాలకోవా, చికెన్ పచ్చడి పెట్టుకోకండి. బ్రిటన్ నుంచి ఈయూలోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లనివ్వరు. పసిపిల్లల పాలపొడికి మినహాయింపు ఉంది. 2025 ఏప్రిల్ 12 నుంచి ఇటువైపు కూడా నిషేధమే, పారిస్‌లో కొన్న చీజ్ అక్కడే తినేసి రావాలి. తిరుగు ప్రయాణంలో గార్ దు నోర్ స్టేషన్‌లో ఫ్రెంచ్ తనిఖీ, వెంటనే బ్రిటిష్ తనిఖీ రెండూ రైలెక్కే ముందే అయిపోతాయి. రెండు క్యూలకూ సరిపడా సమయం పెట్టుకుని వెళ్లండి.