కొత్త ద్వారం పైన గోడ పగిలిందా? ముందు లింటెల్ నెత్తిన చూడండి

బ్రాడీపేటలోనో, బెజవాడ వన్‌టౌన్‌లోనో పిల్లర్లు లేని పాత ఇల్లు. స్లాబు బరువంతా తొమ్మిదంగుళాల ఇటుక గోడల మీదే. రెండు గదులు కలుపుదామని మూడడుగుల ద్వారం కొట్టించి, పై గోడని మోసే అడ్డ దూలం, అంటే లింటెల్, పోయించి, పూత పూయించారు. నెల తిరక్కుండానే ద్వారం పైన పగులు. నన్ను పిలిచే వేళకి అప్పటికే రెండుసార్లు పుట్టీ పెట్టి మూసేసి ఉంటారు. దయచేసి పుట్టీ పెట్టకండి. పగులు ఎటు పోతోందన్నదే మనకి ఆధారం.

పగులు ఒక్క మూల నుంచే ఏటవాలుగా ఎక్కి, లింటెల్ ఆనిన చోట ఇటుకలు చిట్లాయంటే ఆనింపు, అంటే లింటెల్ పక్క గోడ మీదికి ఎక్కిన పొడవు, చాలలేదు. అటూ ఇటూ ఆరంగుళాలకి తగ్గకూడదు. నేనైతే తొమ్మిది వదులుతాను. తక్కువుంటే సపోర్టు పెట్టి, కింద కాంక్రీటు దిమ్మ పోసి మళ్లీ వేయాల్సిందే. లింటెల్ మధ్యలోనే పగిలితే పోసేటప్పుడు దాని కింద పెట్టిన చెక్క 14 రోజులు ఉంచారా, కమ్మి సరిపడా పడిందా అని అడగండి.

రెండు మూలల నుంచీ మెట్లుమెట్లుగా ఎక్కి గోపురంలా మధ్యలో కలిస్తే మాత్రం నూటికి తొంభై పాళ్లు లింటెల్‌కీ పాత ఇటుకకీ మధ్య ఖాళీ ఉన్నట్టే. నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. పాత గుంటూరులో ఒక ఇంట్లో ఆనింపు తొమ్మిదంగుళాలు నిక్కంగా ఉంది కదా అని రెండుసార్లు పూత మార్పించాను. మూడోసారి లింటెల్ పైఅంచున పూత రెండు వేళ్ల వెడల్పున చెక్కి, ఇనుము కోసే ఆక్సా బ్లేడు దూర్చాను. అవతలి గదిలోకి తేలింది.

పాత గోడ కింద పోసిన కాంక్రీటు పైదాకా నిండదు, ఆరాక ఇంకాస్త దిగుతుంది. మేస్త్రీ తాపీతో రెండు వైపులా నీళ్లగా కలిపిన సిమెంటు మాలు అద్దుతాడు. బయటికి నిండినట్టే కనిపిస్తుంది, నడుమ బోలు. పై బరువు మోస్తున్న ఇనప సపోర్టులు, అంటే జాకీలు, తీయగానే పై ఇటుకలు ఆ ఖాళీలోకి దిగుతాయి.

సరిచేయాలంటే స్లాబు కింద గోడకి రెండు పక్కలా, టైల్స్ మీద కాకుండా పలకల మీద జాకీలు నిలబెట్టండి. లింటెల్‌కి రెండు మూడు వరసల పైన, రెండడుగులకొకటి చొప్పున ఇనప బీములు గోడలోంచి దూర్చి వాటికీ జాకీలివ్వండి. పైకి ఎత్తొద్దు, బిగువుగా ఆనితే చాలు. లింటెల్ పైనున్న ఖాళీలో పాత మాలంతా గీకి, దుమ్ము దులిపి తడపండి. ఆ సందులో అడుగుకొకటి చొప్పున ఇనప పలక ముక్క బిగించండి. ఇప్పుడు ఒకపాలు సిమెంటు, మూడుపాళ్లు ఇసుక. పిడికిట్లో నొక్కితే ఉండ నిలవాలి, అరచేతికి తడి అంటకూడదు. అవతల చెక్క అడ్డం పెట్టి, ఇవతలి నుంచి కొద్దికొద్దిగా వేస్తూ కర్రముక్కతో గట్టిగా దట్టించాలి. అరంగుళం కన్నా సన్నటి సందైతే ఆరాక కుంచించుకోని గ్రౌటే (సందులో పోసే పల్చటి సిమెంటు మిశ్రమం) మేలు.

ఎండాకాలం తెరుచుకుని వానల్లో మూసుకునే పగులైతే నల్లరేగడి పునాదిది, ద్వారానిది కాదు. పగులు రోజురోజుకీ పెరుగుతున్నా, స్లాబుకి పాకినా ఆ గది ఖాళీ చేసి అదే రోజు స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలవండి.

సందులో దట్టించిన మాలుని ఏడు రోజులు తడుపుతూ ఉంచి, జాకీలు ఒక్కసారిగా కాకుండా అన్నీ పావు చుట్టు చొప్పున వదులు చేస్తూ రండి. మళ్లీ బ్లేడు పెట్టి చూడండి. ఎక్కడా దూరకపోతేనే, పది రోజులు ఆగి పూత.