గొర్లోళ్ళ లోయలో ఒక రోజు: స్వేల్‌డేల్ ఎట్లా చూడాలి

"సార్, లండన్ జూసిన్రు, ఆ పెద్ద గడియారం జూసిన్రు. ఇంకేం జూసిన్రు?" అని మహబూబ్‌నగర్‌లో పొద్దున నాతో నడకకు వచ్చే మిత్రులు అడుగుతారు. ఒక లోయ చూశానంటే నవ్వుతారు. లోయలో ఏముంటది అని.

నిజమే, ఉత్తర ఇంగ్లండ్‌లోని ఆ స్వేల్‌డేల్ లోయలో టికెట్ కొని చూసేది పెద్దగా ఏమీ లేదు. రాళ్ళ గోడలు, గొర్రెలు, గడ్డి, వాన. అయితే మాది దేవరకద్ర పక్కన కురుమల ఇల్లు. మా నాయిన బతుకంతా గొర్ల వెంట నడిచినోడు. నేను బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. డార్లింగ్టన్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నన్ని రోజుల్లో నాకు మా ఊరు మతికొచ్చిన చోటు ఆ లోయ ఒక్కటే. పిల్లలు డ్యూటీకి పోతే కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చునే మన జిల్లా అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. ఒక్క రోజు చాలు, మోకాళ్ళు సహకరిస్తే.

డార్లింగ్టన్ నుంచి రిచ్‌మండ్‌కు బస్సుంది. అక్కడి నుంచి లోయ పై కొసన ఉన్న కెల్డ్ దాకా 'లిటిల్ వైట్ బస్' అని ఒక చిన్న బండి పోతుంది. రోజంతా తిరిగే బస్సు కాదది, మన పల్లెవెలుగు కన్నా అపురూపం. పోయేటప్పటి టైము కన్నా ఆఖరి బస్సు టైము ముందు రాసుకోండి. ఫోన్ మీద ఆశ పెట్టుకోవద్దు, లోయలో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. ఆర్డినెన్స్ సర్వే అని అక్కడి సర్కారు మ్యాపుల సంస్థ, వాళ్ళ ఓఎల్ 30 మ్యాప్ కొనండి. అందులో నాలుగు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ప్రతి గోడా కనిపిస్తుంది. ఆకుపచ్చ రంగు గీతల వరసగా ఉన్నది కాలిబాట. పిల్లలకు బోర్డు మీద గీసి చూపిన టోపోషీట్ (కొండలు, వాగులు, బాటలు చూపే పటం) పాఠం నాకు అక్కడ అరికాళ్ళతో అర్థమైంది.

పైనుంచి కిందికి నడవాలి: కెల్డ్, మ్యూకర్, ఐవ్‌లెట్, గన్నర్‌సైడ్. స్వేల్ నది ఎటు పోతే అటు. జూన్‌లో గానీ జూలై మొదట్లో గానీ పోండి, ఎందుకో కింద చెబుతాను. జూన్ అయినా స్వెట్టరు, వాన కోటు మర్చిపోవద్దు. చెప్పులు, స్పోర్ట్స్ షూ రెండూ వద్దు. ఊట భూమి, మడమ దాకా దిగబడుతుంది. మా ఇంటావిడ జొన్నరొట్టెలు, పల్లీల పొడి కట్టింది. మ్యూకర్‌లో టీ దొరుకుతుంది కానీ ఆకలికి పనికొచ్చింది రొట్టెలే.

ఇది యార్క్‌షైర్ డేల్స్ నేషనల్ పార్కు. 1954లో పెట్టారు. నేషనల్ పార్కు అనగానే మన నల్లమల ఊహించుకోకండి. చెక్‌పోస్టు ఉండదు, పులి ఉండదు. లోపల ఊళ్ళున్నాయి, ఎక్కువ భూమి రైతులదే. వాళ్ళ చేను మధ్యలోంచి నడిచే హక్కు చట్టం ప్రకారం మనకుంది, కాకపోతే ఆ బాట మీద మాత్రమే. పసుపు బాణం గుర్తు కనిపిస్తే అది కాలినడక దారి. గేటు ఎట్లా ఉంటే అట్లాగే వదలాలి. మూసి ఉంటే మళ్ళీ మూయాలి, తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి. రెండోది మనకు వింతగా తోస్తుంది. గొర్లు నీళ్ళకు పోవడానికి ఆసామి కావాలనే తెరిచి పెట్టి ఉంటాడు.

కెల్డ్‌లో బస్సు దిగి ముందు బోర్డు మీది పేరు చదవండి. కెల్డ్ అంటే ఊట. వెయ్యేళ్ళ కింద నార్వే మూలాల వాళ్ళు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు, పేర్లు వాళ్ళ భాషలోవి. పక్క ఊరు థ్వెయిట్ అంటే చెట్లు కొట్టి చదును చేసిన జాగా. గన్నర్‌సైడ్ అంటే గున్నార్ అనే ఆయన మేత బీడు. కోయిలకొండలో కొండ ఉన్నట్టే అక్కడి పేర్లలో భూమి ఉంది. పేరు విప్పుకుంటే సగం లోయ అర్థమైనట్టే.

ఊరు దాటగానే కాలినడక వంతెన, పక్కన చిన్న జలపాతం. అది దాటి ఎక్కితే క్రాక్‌పాట్ హాల్ వస్తుంది. అది కూలిన ఇల్లు, గోడలే మిగిలాయి. పేరు చూసి పిచ్చోడి ఇల్లనుకున్నాను, కాదట. కాకులు మసలే గుంట అని పాత మాట. అక్కడ కూర్చోండి, కింద నది మలుపు తిరుగుతూ కనిపిస్తుంది. ఫొటోలన్నీ అక్కడే తీస్తారు. నేను ఇంకొకటి చూడమంటాను. ఈ ఇల్లు ఎందుకు పాడుబడింది? కింద సీసం గనులు తవ్వారు, నేల కుంగింది, 1950లలో ఇల్లు వదిలేసి పోయారు.

ఈ లోయ పచ్చగా ఉంది కాబట్టి ఎప్పుడూ ఇట్లాగే నిశ్శబ్దంగా ఉందనుకుంటాం. పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల్లో ఇదంతా గనుల మోత. కొండ మీద మట్టికట్ట వేసి నీళ్ళు ఆపి, ఒక్కసారి తెంపేవాళ్ళు. ఆ ఉరవడికి మట్టి కొట్టుకుపోయి సీసం పట్టిన రాయి బయటపడేది. దాన్ని హష్ అంటారు. గన్నర్‌సైడ్ వాగు పక్క కొండల మీద ఆ గాట్లు ఇప్పటికీ ఉన్నాయి, గడ్డి సరిగ్గా మొలవలేదు. 1880 ప్రాంతంలో బయటి దేశాల చవక సీసం వచ్చిపడింది, ధర పడిపోయింది, గనులు మూతపడ్డాయి. జనం మూట కట్టుకున్నారు. కొందరు డర్హమ్ బొగ్గు గనులకు, కొందరు లాంకషైర్ బట్టల మిల్లులకు, కొందరు ఏకంగా అమెరికాకు. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా మట్టి మోసింది పాలమూరు లేబరే అంటారు కదా. మా మేనమామ బొంబాయి బస్సెక్కి పోయినోడు పోయినట్టే. ఆ మొండి గోడల మధ్య నాకు ఆయన ఇల్లు కనిపించింది, దూలం విరిగి, వాకిట్లో సర్కారు తుమ్మ మొలిచి. అందుకే చెబుతున్నా, క్రాక్‌పాట్ దగ్గర సెల్ఫీ తీసుకుని ఉరకొద్దు.

అక్కడి నుంచి దిగుడే. నది పక్కన నడిచి మళ్ళీ ఒక కాలినడక వంతెన దాటితే మ్యూకర్ గడ్డి మళ్ళు. జూన్ అన్నది వీటి కోసమే. గడ్డి అంటే మన పశువుల గడ్డి కాదు, పూల తోట లాగుంటుంది. పసుపు బటర్‌కప్‌లు, ఊదారంగు క్రేన్స్‌బిల్, ముదురెరుపు బర్నెట్. ఎల్లో రాటిల్ అని ఒక మొక్క గడ్డి వేళ్ళను పట్టుకుని దాని బలం లాగేస్తుంది. గడ్డి జోరు తగ్గితేనే మిగతా పూలకు చోటు దొరుకుతుంది. జూలై నడిమి నుంచి కోతలు, గింజ రాలాక కోస్తేనే మరుసటేడు పూలు. రసాయన ఎరువు గుమ్మరిస్తే గడ్డి ఏపుగా పెరిగి పూలు చస్తాయి. 1930ల నుంచి బ్రిటన్‌లో ఇట్లాంటి పూల గడ్డి భూములు 97 శాతం పోయాయని లెక్క. ఇక్కడ మిగిలాయి.

బాటకు నాపరాళ్ళు పరిచారు, వెడల్పు మూరెడు. ఒకరి వెనక ఒకరు నడవాలి. నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. మా ఇంటావిడ పూల మధ్య నిలబడితే బాగుంటుందని రెండడుగులు గడ్డిలోకి దించాను. ఎక్కడి నుంచి చూశాడో, ఒకాయన నాలుగు చక్రాల మోటారు బండి మీద గోడ అవతల ఆగాడు. కేకలేయలేదు. "అది మా గొర్రెల చలికాలం తిండి" అన్నాడు, అంతే. నిలబడ్డ గడ్డిని తొక్కితే కోతకు రాదు. నా తల తీసేసినట్టయింది. మన నారుమడిలోకి ఎవడన్నా బూట్లతో దిగితే మనం అంత మర్యాదగా అనేవాళ్ళమా?

మళ్ళ మధ్యలో ఒక్కొక్క చేనుకు ఒక్కొక్క రాతి కొట్టం. ఊళ్ళో కాకుండా ఇంత దూరాన కొట్టమెందుకు అనుకుంటారు. పైన అటక మీద ఎండుగడ్డి, కింద నాలుగైదు ఆవులు. చలికాలమంతా అవి అక్కడే కట్టేసి ఉండేవి. రైతే పొద్దున, సాయంత్రం కొట్టం నుంచి కొట్టానికి తిరిగి మేతేసి పాలు పిండేవాడు. గడ్డి ఇంటికి మోయక్కర్లేదు, పేడ చేనుకు మోయక్కర్లేదు. మన రైతులు గొర్ల మందను చేనులో పెట్టించుకుని, రాత్రికి ఇంత అని గింజలు కొలిచిచ్చేవాళ్ళు చూడండి, లెక్క అదే. ఇప్పుడు చాలా కొట్టాలు ఖాళీ.

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం. లోయలో నా చూపంతా గోడల మీదే ఉంది. ఈ పార్కులో 8,000 కిలోమీటర్లకు పైగా రాళ్ళ గోడలున్నాయి, వాటిలో సున్నం లేదు, సిమెంటు లేదు. ఎక్కడన్నా కూలిన చోట చూసుకుని ఆగండి, కడుపు కనిపిస్తుంది. గోడ ఒకటి కాదు రెండు, ఒకదానికొకటి ఒరిగి పైకి పోయేకొద్దీ సన్నబడతాయి. మధ్య సందులో చిల్లరాళ్ళు కూరుతారు. నడుమెత్తున అడ్డంగా పొడుగు రాళ్ళు వేస్తారు, అవి రెండు ముఖాలనూ పట్టి ఉంచుతాయి, వాటి కొసలు బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. అన్నిటి మీదా నిలువుగా పేర్చిన రాళ్ళ బరువు. గాలి సందుల్లోంచి పోతుంది కాబట్టి గోడను తోసెయ్యదు. అడుగున అక్కడక్కడ చిన్న కిటికీ లాంటి బొక్క, గొర్రె దూరేంత. పశువు దూరలేదు. ఒక గొర్రె తల వంచి అందులోంచి రావడం నేను పది నిమిషాలు చూశాను. ముందు మూతి పెట్టింది, వాసన చూసింది, వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చి భుజాలు దూర్చింది. ఉన్ని రాయికి రాసుకుని ఇంత కుచ్చు అక్కడే ఉండిపోయింది.

ఇంకో కిటుకు. లోయ అడుగున గోడలు వంకరటింకరగా ఉంటే పాతవి. కొండ మీదికి స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పోతే పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల్లో ఉమ్మడి బీడు భూముల్ని చట్టం చేసి పంచినప్పటివి. అందరి మేతా కొందరి పట్టా అయిన కథ ఆ తిన్నటి గీత. మా నాయిన చూసి ఉంటే ఒక్క మాటలో చెప్పేవాడు.

గొర్రెలు స్వేల్‌డేల్ జాతివే. నల్ల మొహం, తెల్ల మూతి, పోతుకూ పెంటికీ కొమ్ములు. పై బీడుకు కంచె లేకున్నా తమ పొలిమేర దాటవు. ఏ మందది ఎంత కొండో తల్లి వెంట తిరుగుతూ పిల్ల నేర్చుకుంటుంది, దాన్ని హెఫ్టింగ్ అంటారు. 2001లో గాలికుంటు వచ్చి ఆ దేశంలో 60 లక్షలకు పైగా పశువుల్ని చంపేశారు. అట్లాంటి మంద పోతే కొత్త గొర్రెల్ని కొనుక్కోవచ్చు, కొండ తెలిసిన గొర్రెల్ని కొనుక్కోలేరు. ఒంటి మీద రంగు మచ్చ ఎవరి మందో చెబుతుంది, మన దగ్గర చెవి కోసి గుర్తు పెట్టినట్టు. పాత కాపర్లు యాన్, టాన్, టెథర్ అని వేరే అంకెలతో ఇరవై దాకా లెక్కబెట్టి, ఇరవైకొక రాయి జేబులో వేసుకునేవాళ్ళట. మా నాయిన జతలు లెక్కబెట్టేవాడు.

ఆ గోడకు అంటిన కుచ్చు నా కోటు జేబులో ఊరికి వచ్చింది. మా అన్న రెండు వేళ్ళ మధ్య నలిపి, పురి పెట్టి లాగి, "బిరుసున్నది. గొంగడికి సరిపోతది" అన్నాడు. అక్కడా ఉన్ని అమ్మితే కత్తిరింపు కూలికి కూడా రాదంటే, "మరి మనకొక్కలకేనా" అన్నాడు.

మ్యూకర్‌లో టీ తాగి, మళ్ళీ వంతెన దాటి నది వెంట ఐవ్‌లెట్ దాకా నడవండి. ఒంటి కమాను వంతెన, మధ్యలో మూపురం లాగా లేచి ఉంటుంది. ఇక్కడ తల లేని నల్ల కుక్క తిరుగుతుందని చెప్పుకుంటారు, మాకు మామూలు కుక్క కూడా కనబడలేదు. వంతెన ఉత్తరపు కొసన గడ్డిలో ఒక బల్లపరుపు రాయి వెతకండి. మ్యూకర్‌లో 1580లో చర్చి వచ్చేదాకా పై ఊళ్ళలో ఎవరు పోయినా కింద గ్రింటన్ చర్చికే మోయాలి. కెల్డ్ నుంచి ఇరవై కిలోమీటర్ల పైమాటే. తీగలతో అల్లిన పెట్టెలో, భుజాల మీద. ఈ రాయి మీద దించి కాసేపు ఆగేవాళ్ళట.

మా ఇంటావిడకు ఇంగ్లీషు అంతగా రాదు. బోర్డు లేదు, నేనింకా చెప్పనూ లేదు. రాయి చూసి, నీళ్ళు చూసి, "దింపుడు కళ్ళమా?" అంది.

అవునన్నాను. చెప్పులు విడిచినట్టు బూట్లు విప్పబోయింది, తడి అని నేనే వద్దన్నాను. అక్కడి నుంచి గన్నర్‌సైడ్ అరగంట నడక. బస్సు టైముకు పది నిమిషాల ముందే ఆగుచోట నిలబడి, బండి కనబడగానే చెయ్యెత్తండి.