తొలి నవల అచ్చుకు పంపే ముందు

నవల పూర్తికాగానే ప్రెస్సుకు పంపకుండా కొన్ని వారాలు పక్కన పెట్టి, ఆ తర్వాత మొదటి నుంచి చివరి దాకా బిగ్గరగా చదవండి. సంభాషణల్లోని కృత్రిమతను కంటి కంటే చెవి ముందుగా పట్టుకుంటుంది.

తెలుగులో అసలు కష్టం అక్షరాల దగ్గర మొదలవుతుంది. మీరు, కంప్యూటర్లూ ఫోన్లూ అన్నీ చదవగలిగే యూనికోడ్‌లో టైపు చేసిన ప్రతిని డీటీపీ వారు పేజీలు కట్టడానికి యూనికోడ్ కాని అను ఫాంట్లలోకి మార్చినప్పుడు వత్తులు, సంయుక్తాక్షరాలు చెదిరిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, అంతకుముందు ఎన్నిసార్లు దిద్దినా, పేజీలు కట్టాక వచ్చే ప్రూఫును మళ్లీ అక్షరం అక్షరం చూడవలసిందే. ఆ పని మీరొక్కరే చేయకండి. రాసినవారి కన్ను కాగితం మీద ఉన్నదాన్ని కాక మనసులో ఉన్నదాన్ని చదువుతుంది.

ఐఎస్‌బీఎన్‌ను (పుస్తకాన్ని గుర్తించే సంఖ్యను) మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా కేటాయిస్తుంది. 1954 నాటి చట్టం ప్రకారం, ప్రచురించిన 30 రోజుల్లో కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి పంపాలి.

సొంత ఖర్చుతో వేసుకునేవారు మొదట నూరో రెండు నూర్లో ప్రతులు వేయించడం మేలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే పంపిణీదారుల కమిషన్, తపాలా ఖర్చు, ఉచితంగా ఇచ్చే ప్రతులు పోగా చేతికి తిరిగివచ్చేది తక్కువ. విడుదలను హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనలకు కాస్త ముందుగా పెట్టుకుంటే, పాఠకులను నేరుగా కలిసి మాట్లాడే అవకాశం దొరుకుతుంది.