మైక్ సెట్ హార్న్ ఇంట్లో చెవులు కోసేస్తందా? ఇలా చెయ్యండి

విజయనగరంలో సిరిమాను పండగ నాడు మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర అంత జనంలో వినపడ్డానికి చేసిన సామాను అది, తెచ్చి పన్నెండడుగుల గదిలో పెడితే గుచ్చుకోక ఏటి చేస్తాది మరి. పాత హార్న్ బాక్సులు చవగ్గా దొరికాయని కొన్నవాళ్ల గోల ఒకటే, గొంతు రేకు డబ్బాలోంచి వస్తన్నట్టుందని. వెంటనే ఈక్వలైజర్ (బేసూ ట్రెబులూ పెంచి తగ్గించేది) తిప్పేస్తారు, అది ఆఖర్న చెయ్యాల్సిన పని.

గుడి మీద కట్టే గొట్టం మైకులైతే మాత్రం వదిలెయ్యండి. అవి మాట దూరం పోడానికి చేసినవి, కింద బేసూ రాదు పైన ట్రెబులూ రాదు. నేను చెప్పేది కింద ఊఫర్ (బేస్ స్పీకర్), పైన కంప్రెషన్ డ్రైవర్ (హార్న్ వెనకుండి సౌండ్ పుట్టించేది) బిగించిన హార్న్ ఉన్న బాక్సుల గురించి.

ముందు లెవెల్ చూడండి, సగం బాధ ఇక్కడే తీరిపోద్ది. హార్న్ మీద డ్రైవర్ ఒక్క వాట్‌కి మీటరు దూరంలో 105, 110 డెసిబెల్స్ ఇస్తాది, ఊఫర్ చూస్తే 95 చుట్టుపక్కల. అంత తేడా పెట్టుకుని ఏ పాట విన్నా అరుపే. డ్రైవర్ సౌండ్ తగ్గించే ఎల్-ప్యాడ్ వెయ్యండి, రెండే రెసిస్టర్లు, క్రాసోవర్ (బేస్ ఊఫర్‌కీ పై సౌండ్ హార్న్‌కీ పంచే సర్క్యూట్) తరవాత డ్రైవర్‌కి ముందు. 8 ఓమ్స్ డ్రైవర్‌కి 10 డెసిబెల్స్ తగ్గాలంటే సిరీస్‌లో 5.6, డ్రైవర్‌కి పేరలల్‌గా 3.9 ఓమ్స్. 6 చాలనుకుంటే సిరీస్‌లో 3.9, పేరలల్‌గా 8.2. తెల్ల సిమెంట్ రెసిస్టర్లు 10 వాట్లవి తీసుకోండి, వేడెక్కుతాయి, దూదికీ గుడ్డకీ తగలనివ్వకండి. పాట లేనప్పుడు వచ్చే స్‌స్ అనే హిస్ కూడా దీంతోనే తగ్గుతాది.

తరవాత రేకు మోత. ఆఫ్ చేసి హార్న్‌ని వేలి కణుపుతో కొట్టండి, ఇత్తడి పళ్లెంలా టంగ్‌మని సాగిందంటే డేంపింగ్, అంటే ఆ మోత అణిచేది కావాలి. పేరున్న ఆల్టెక్ 511బి, 811బి అల్యూమినియం హార్న్‌లే మోగుతాయి, వాటికీ జనం పూతలు పూస్తారు. కారు డోర్లకి అంటించే బ్యుటైల్ షీట్ బయటివైపు మాత్రమే అంటించండి, లోపల వద్దు, డ్రైవర్ మేగ్నెట్ మీద అసలొద్దు, వేడి బయటకి పోవాలి. అయితే షీట్ కొనేముందు పాట పెట్టి హార్న్‌ని చేత్తో గట్టిగా అదిమి పట్టుకుని వినండి, ఏం మారలేదంటే తప్పు రేకుది కాదు, డబ్బులు దండగ.

అప్పుడు క్రాసోవర్ మీద అనుమానం పెట్టుకోండి. చాలా బాక్సుల్లో ఒక్క కెపాసిటరే ఉంటాది, ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 6 డెసిబెల్సే కోస్తాది, చిన్న హార్న్ తన కటాఫ్ (అది సరిగ్గా మోగే కింది హద్దు) కిందకి కూడా వాయించడానికి తంటాలు పడి అరుస్తాది. ఒక అంగుళం డ్రైవర్‌కి 1500 హెర్ట్జ్ పైన సౌండే వెళ్లేలా కిందది కొయ్యండి, స్లోప్ ఆక్టేవ్‌కి 12 గాని 18 గాని డెసిబెల్స్ పెట్టండి.

హార్న్ నోట్లో ఫోమ్ పెట్టే పద్ధతి కూడా ఉంది. ఎర్ల్ గెడెస్ అనే స్పీకర్ డిజైనర్ తన వేవ్‌గైడ్లలో (ఇవీ ఒకరకం హార్న్‌లే) అంగుళానికి 30 రంధ్రాలున్న ఓపెన్ సెల్ ఫోమ్ నింపుతాడు, లోపల అటూ ఇటూ తగిలి తిరిగే సౌండ్ తగ్గడానికి. పరుపు ఫోమ్ కాదండోయ్, అది పెడితే ట్రెబుల్ మొత్తం మింగేస్తాది.

గది సంగతి చెప్పక్కర్లేదు, టైల్సూ ఖాళీ గోడలూ. పొందూరు ఖద్దరు కర్టెన్ అందంగా ఉంటాది గాని పల్చన, పెద్దగా ఆపదు. జూట్‌కి పేరున్న మన విజయనగరంలో గోనెసంచులకి కరువా, నాలుగైదు మడతలేసి చెక్క ఫ్రేములో బిగించి స్పీకర్ సౌండ్ ముందు తగిలే పక్కగోడకి తగిలించండి.

ఇప్పుడు ఈక్వలైజర్. సౌండ్ కొలిచే ఆర్‌ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతాది, మైక్ పెట్టి వాటర్‌ఫాల్ గ్రాఫ్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంతసేపు మోగుతుందో చూపేది) చూడండి, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య సన్నగా లేచి తొందరగా పడిపోని గీత ఉంటే ఈక్వలైజర్‌తో దాన్నే సన్నగా కొయ్యండి, గ్రాఫ్‌లో గుంటలు పూడ్చడానికి పోకండి. మన మహారాజా సంగీత కళాశాలలో చదివిన ఘంటసాల, సుశీల పాటలే పెట్టి వినాలనిపిస్తాది గాని పాత రికార్డింగుల్లో గరగర టేపులోనే ఉంటాది, సెట్టింగ్‌కి ఏదైనా శుభ్రమైన కొత్త రికార్డింగ్ వాడండి.