పాత బుల్లెట్‌లో ఏ భాగానికి ఏ పూత? తేడా వస్తే పట్టుకోవడం, సరిచేసుకోవడం

మా నాన్నగారి ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మోటార్‌సైకిల్ 1960ల్లో ఇక్కడే, చెన్నైలోని తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో తయారైంది. దాన్ని మొదటిసారి పూర్తిగా విప్పినప్పుడు నట్లు, బోల్టులు, స్ప్రింగులు, బ్రాకెట్లు అన్నీ ఒకే గోనెసంచిలో వేసి ప్లేటింగ్ షాపులో ఇచ్చి, "అన్నిటికీ క్రోమ్ వేసెయ్యండి" అన్నాను. ఆ తర్వాత మూడేళ్ల పాటు ఆ సంచిలోని వస్తువులు ఒక్కొక్కటిగా ఇబ్బంది పెడుతూనే వచ్చాయి. రెండోసారి వేరే షాపుకు, అంబత్తూరు వెళ్లాను. అక్కడి పెద్దాయన నెల్లూరు వైపు మనిషి. సంచి విప్పి చూసి, "బాబూ, ఏది ఏ పూతో నువ్వే రాసివ్వాలి. తొట్టిలో పడ్డాక నాకు అన్నీ ఇనుమే" అన్నారు. ఆ రాసివ్వడం ఎలాగో నేర్చుకోవడానికి నాకు పట్టిన కాలం మీకు పట్టకూడదని ఇది రాస్తున్నాను.

సమస్య: బండి తళతళలాడుతోంది, కానీ పాత బండిలా లేదు

ఎక్కువ మందికి ఎదురయ్యేది ఇదే. ఎక్కడ తేడా ఉందో మాత్రం చెప్పలేరు. కారణం చాలాసార్లు ఒకటే: ఫ్యాక్టరీలో క్రోమ్ వేయని వాటికి కూడా క్రోమ్ పడి ఉంటుంది.

పాత బళ్ల మీద మెరిసేదంతా క్రోమ్ కాదు. మోటార్‌సైకిళ్ల మీదికి క్రోమ్ 1920ల చివర్లో వచ్చింది. అంతకు ముందు బళ్లకు నికెలే. మీ చేతిలో ఉన్నది 1920ల మధ్యనాటి బ్రిటిష్ బండి అయితే దాని హ్యాండిల్‌బార్‌కు క్రోమ్ వేయించడమంటే చరిత్ర చెరిపేయడమే. క్రోమ్ వచ్చిన తర్వాత కూడా అది కంటికి ఎదురుగా కనపడే వాటికే: సైలెన్సర్, హ్యాండిల్‌బార్, హెడ్‌లైట్ రిమ్ లాంటివి. జావా బండిలో అయితే ట్యాంకు పక్కలు. నట్లు, బోల్టులు, చిన్న బ్రాకెట్లకు ఆ రోజుల్లో బ్రిటిష్ పద్ధతిలో ఎక్కువగా కాడ్మియం, తర్వాతి కాలంలో జింక్. ఇంజిన్ కవర్లు అల్యూమినియం. వాటికి పాలిష్ తప్ప పూతే లేదు. వాటికి క్రోమ్ వేయిస్తే ఎంత బాగా కుదిరినా పరాయిదానిలా కనిపిస్తుంది.

రంగు చూసి గుర్తు పట్టడం కష్టం కాదు, పగటి వెలుగు ఉంటే చాలు. క్రోమ్‌లో లేత నీలం కనిపిస్తుంది. నికెల్‌కు నేతి ఛాయ ఉంటుంది. కాడ్మియం వాడిన అల్యూమినియం గిన్నెలా, మబ్బు పట్టిన తెలుపులో ఉంటుంది. మామూలు జింక్ దానికంటే కాస్త మెరుస్తుంది. పసుపు పాసివేషన్ (జింక్‌ను కాపాడటానికి దాని మీద రసాయనంతో తెప్పించే పల్చటి పొర) చేసిన జింక్ మీద బంగారు రంగుతో పాటు పావురం మెడ మీద కనపడే ఆకుపచ్చ, గులాబీ ఛాయలు ఆడతాయి. ఈ పసుపు జింక్ 1970లు, 80ల జపాన్ బళ్ల సంతకం. 1985లో మన దగ్గరికి వచ్చిన ఆర్‌ఎక్స్ 100 మీద ముచ్చటగా ఉంటుంది. 60ల బుల్లెట్ మీద పసుపు బోల్టు కనపడితే మాత్రం దాన్ని ఈమధ్యే మార్చారని తెలిసిపోతుంది.

మరి మీ బండికి ఏది ఉండేదో ఎలా తెలుస్తుంది? బండినే అడగాలి. మొదటి సంచిలో పడకుండా మిగిలిపోయిన మా బండి వెనక బ్రేక్ స్టే (బ్రేక్ ప్లేటు తిరగకుండా పట్టి ఉంచే కడ్డీ) బోల్టు పైకి పూర్తిగా ఎర్రగా తుప్పు పట్టి ఉంది. వాషర్ తీశాను. కింద, అర్ధ రూపాయి నాణెం చుట్టంత మేర, పసుపు కలవని మబ్బు తెలుపు ఉంగరం ఒకటి. ఎండ, వాన తగలకుండా అరవై ఏళ్లుగా అక్కడే దాక్కుని ఉంది. దాని పక్కన కొత్త క్రోమ్ బోల్టు పెట్టి చూసుకున్నాక, నేను చేసిన పని ఏమిటో నాకు అర్థమైంది. క్లాంపుల కింద, వాషర్ల కింద, బ్రాకెట్ లోపలి వైపు, మర (బోల్టు మీద నట్ ఎక్కే చుట్లు) చివర ఇలాంటి ఆనవాళ్లు మిగులుతాయి. శుభ్రం చేసే ముందే ఫొటో తీసి, ట్యాగ్ కట్టండి. ఒకసారి యాసిడ్‌లో ముంచాక ఇక సాక్ష్యం ఉండదు.

ఒక జాగ్రత్త. కాడ్మియం విషం. ఆ రంగు కనపడిన వాటిని పొడిగా వైర్ బ్రష్‌తో రుద్దకండి, ఇసుక బ్లాస్టింగ్‌కు ఇవ్వకండి, వేడి చేయకండి. ఆ ధూళి, పొగ ఊపిరితిత్తులకూ కిడ్నీలకూ ప్రమాదం. మళ్లీ కాడ్మియమే వేయించాలన్న పట్టుదల కూడా వద్దు. తెల్ల పాసివేషన్ చేసిన జింక్ వేయించి, దాని మెరుపు కాస్త తగ్గిస్తే చూపుకు చాలా దగ్గరగా వస్తుంది. మెరుపు తగ్గాలంటే ప్లేటింగ్‌కు ముందు బఫింగ్ చేయకుండా, సన్నటి గ్లాస్ బీడ్‌తో (గాలి ఒత్తిడితో చిమ్మే గాజు పూసలతో) కొట్టించాలి.

సమస్య: స్ప్రింగ్ తనంతట తానే తెగింది

సైడ్ స్టాండ్ స్ప్రింగుకు క్రోమ్ చాలా అందంగా కుదిరింది. సాయంత్రం బిగించాను. మర్నాడు పొద్దున బండి గోడకు ఆనుకుని ఉంది, స్ప్రింగ్ రెండు ముక్కలై నేల మీద ఉంది. రాత్రి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తెగిన చోట సాగిన గుర్తే లేదు, సుద్దముక్క విరిగినట్టు ఉంది. పక్కన ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

కారణం హైడ్రోజన్. యాసిడ్‌లో కడిగేటప్పుడూ, కరెంటుతో పూత ఎక్కించేటప్పుడూ హైడ్రోజన్ పుట్టి గట్టి ఉక్కులోకి చొరబడుతుంది. మెత్తటి ఇనుముకు దాని వల్ల పెద్దగా నష్టం లేదు. స్ప్రింగ్ ఉక్కు, తల మీద 12.9 అని ఉండే హై టెన్సైల్ బోల్టులు మాత్రం పెళుసుబారతాయి. బిగించిన వెంటనే ఏమీ కాదు. బరువు మీద ఉండగా గంటలకో, రోజులకో తటాలున విరుగుతాయి. దానికంటే ఒక మెట్టు తక్కువ గట్టివైన 10.9 బోల్టుల విషయంలోనూ నేను జాగ్రత్త వైపే ఉంటాను.

పరిష్కారం: స్ప్రింగులకు కరెంటుతో వేసే ఏ పూతా వద్దు. తుప్పు తీసి నల్ల పెయింట్ వేస్తే చాలు. బ్రేక్, యాక్సిల్, హ్యాండిల్‌బార్ క్లాంప్ లాంటి ప్రాణం ఆధారపడే చోట గట్టి బోల్టుకు జింక్ తప్పనిసరి అనుకుంటే, పూత పడిన 4 గంటల లోపే ఓవెన్‌లో పెట్టి, 190 నుంచి 220 డిగ్రీల దగ్గర కనీసం 4 గంటలు కాల్చాలి. ఎక్కువ గట్టి ఉక్కుకు ఇంకా ఎక్కువ సేపు. పాసివేషన్ దీని తర్వాతే చేయాలి, ఎందుకంటే సుమారు 70 డిగ్రీలు దాటితే పసుపు పొర పాడవుతుంది. షాపులో ఓవెన్ ఉందా అని నోటితో అడిగితే అందరూ ఉందనే అంటారు. వెళ్లి కళ్లతో చూడండి. లేకపోతే ఆ బోల్టు అక్కడ ఇవ్వకండి.

సమస్య: ఆరు నెలలకే క్రోమ్ మీద సూదిమొనంత తుప్పు చుక్కలు

క్రోమ్ పొర చాలా పల్చన, పావు నుంచి అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). దానికి కంటికి కనపడని రంధ్రాలు ఉంటాయి. ఇనుమును కాపాడేది క్రోమ్ కాదు, దాని కింద ఉన్న నికెల్. వానలో, ఎండలో తిరిగే భాగానికి నికెల్ 25, 30 మైక్రాన్లయినా ఉండాలి. తొట్టిలో ఎక్కువసేపు ఉంచితే ఖర్చు కాబట్టి కొందరు ఐదారు మైక్రాన్లతో సరిపెట్టేస్తారు. ఇచ్చిన రోజు రెండూ ఒకేలా మెరుస్తాయి. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో కార్తీకం వానలు ఒక్కసారి పడితే తేడా బయటపడుతుంది.

దీనికి పైపై మందు లేదు. చుక్కలు కొద్దిగా ఉంటే మెటల్ పాలిష్‌తో తుడిచి మైనం రాస్తే కొంతకాలం ఆగుతాయి. ఎక్కువైతే పాత పూత తీయించి మళ్లీ వేయించాల్సిందే. ఈసారి "నికెల్ ఎన్ని మైక్రాన్లు?" అని ముందే అడిగి బిల్లు మీద రాయించుకోండి. పెయింట్ మందం చూసే అయస్కాంతపు గేజ్‌తో కొలిచి చూపిస్తే నమ్మకండి. నికెల్ కూడా అయస్కాంతానికి అంటుకునే లోహమే కాబట్టి ఆ అంకె తప్పు చెబుతుంది.

మడ్‌గార్డ్ లోపలి వైపు, బ్రాకెట్ మూలల్లో అసలు పూత పడిందా లేదా చూడటానికి ఇంట్లోనే దారి ఉంది. కొద్దిగా మైలుతుత్తం నీళ్లలో కలిపి, జిడ్డు తుడిచిన చోట ఒక చుక్క పెట్టండి. ఇనుము బయటపడి ఉంటే కాసేపట్లోనే రాగిరంగు మరక తేలుతుంది. చూసిన వెంటనే కడిగేయాలి. క్రోమ్ గుంటల్లోకి, గొట్టాల లోపలికి సరిగా చేరదు. అది షాపు తప్పు కాకపోవచ్చు. అలాంటి చోట్లకు లోపల పెయింటో మైనమో మనమే చూసుకోవాలి.

సమస్య: పొక్కులు, పెచ్చులు

పెచ్చు ఊడిన చోట కింద ఏ రంగు ఉందో చూడండి, తప్పు ఎక్కడ జరిగిందో అదే చెబుతుంది. ఇనుము కనపడితే మొదటి శుభ్రతే సరిగా లేదు, జిడ్డో తుప్పో మిగిలిపోయింది. ఎర్రగా రాగి (కొన్ని షాపుల్లో నికెల్ కింద వేసే పొర) కనపడితే రాగి మీద నికెల్ పట్టలేదు. నేతి ఛాయలో నికెల్ కనపడితే, నికెల్ నుంచి క్రోమ్ తొట్టికి మారే మధ్యలో ఆలస్యమైందో, కరెంటు తెగిందో. ఈ మూడింట్లో ఏదైనా షాపు బాధ్యతే, గట్టిగా అడగండి.

వెల్డింగ్ దగ్గర, మడత పెట్టిన అంచుల దగ్గర మాత్రమే పొక్కులు వస్తే సంగతి వేరు. ఆ సందుల్లో ఇరుక్కున్న యాసిడ్ తర్వాత మెల్లగా బయటికి వస్తోంది. అతుకులు, చిల్లులు ప్లేటింగ్‌కు ముందే పూడ్చుకోవాల్సింది మనం.

సమస్య: నట్ ఎక్కడం లేదు

మర మీద పూత ఎంత మందం పడితే, మర కొలత దానికి నాలుగు రెట్లు పెరుగుతుంది. 8 మైక్రాన్ల జింక్‌కు 32 మైక్రాన్లు, సర్దుకుంటుంది. నికెల్, క్రోమ్ కలిపి 30 దాటితే పెరుగుదల 120 పైనే. పాత బుల్లెట్‌లోని సన్నని బ్రిటిష్ మరలకు అది అసలు కుదరదు. బలవంతంగా స్పానర్ వేస్తే మర చెడుతుంది, ఆ మరకు ఇప్పటి మెట్రిక్ బోల్టు సరిపోదు. పాత విడిభాగాలు అమ్మే పుదుపేటలో ఎంత తిరిగినా జత దొరకడం కష్టం. క్రోమ్ తప్పనిసరైన బోల్టుకు తల వరకే వేయించి, మర మీద పూత పడకుండా మూయించండి. మిగతా వాటికి 5 నుంచి 8 మైక్రాన్ల జింక్ చాలు. బఫింగ్ వాళ్లకు కూడా చెప్పాలి, లేకపోతే తల మీద పాత అక్షరాలు అరిగిపోతాయి, అంచులు గుండ్రమవుతాయి.

మరికొన్ని, క్లుప్తంగా

సైలెన్సర్ బెండ్ నీలం తిరిగితే ముందుగా ప్లేటింగ్‌ను అనుమానించకండి. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి-పెట్రోల్ మిశ్రమంలో పెట్రోల్ తక్కువగా ఉందేమో, ఇగ్నిషన్ ఆలస్యంగా ఉందేమో, హెడ్ దగ్గర గాలి లాగుతోందేమో చూడండి. కొత్త పైపు పెట్టే ముందే ఇది సరిచేసుకోవాలి.

ఫోర్క్ ట్యూబ్ మెరిపించాక ఆయిల్ కారుతుంటే, అలంకారం క్రోమ్ వేశారన్నమాట. అక్కడ కావాల్సింది హార్డ్ క్రోమ్ (అరుగుదలను తట్టుకునే మందపాటి క్రోమ్), వేశాక గ్రైండింగ్‌తో సైజుకు తేవాలి. హైడ్రాలిక్ రాడ్ల పని చేసే షాపుకు వెళ్లండి.

రిమ్‌కూ హ్యాండిల్‌బార్‌కూ క్రోమ్ రంగు కలవకపోతే, ఒకటి పాత హెక్సావాలెంట్ తొట్టిలో, ఒకటి ట్రైవాలెంట్ తొట్టిలో (ఇవి రెండు రకాల క్రోమ్ ద్రావణాలు) వేసి ఉంటారు. ట్రైవాలెంట్ కాస్త ముదురుగా కనపడుతుంది. కనపడే భాగాలన్నీ ఒకే షాపులో, ఒకే విడతలో ఇవ్వండి.

జింక్ వేసిన బోల్టుల మీద తెల్లటి పొడి తేలితే, తడి ఆరకుండానే ప్లాస్టిక్ కవర్లో మూట కట్టి పెట్టారన్నమాట. మెత్తటి బ్రష్‌తో తుడిచి, సన్నగా నూనె రాసి, మూత తెరిచిన డబ్బాలో ఉంచండి. పాసివేషన్ అయిన మొదటి రోజు ఆ పొర ఇంకా లేతగా ఉంటుంది. కనీసం 24 గంటలు గాలికి వదిలేశాక బిగించడం మొదలుపెట్టండి.